కొత్త యూట్యూబ్ ఛానెల్‌తో సంపాదన: వైజాగ్‌లో మొదటి వీడియో నుంచి బ్యాంకులో మొదటి జమ దాకా

నా మొదటి పదహారు వీడియోల్లో పదకొండు సముద్రం మీదే. ఆర్కే బీచ్‌లో సూర్యోదయం, రుషికొండలో అలలు, కైలాసగిరి మీంచి బీచ్‌రోడ్డు, భీమిలి దారిలో బైకు ప్రయాణం. వెనకాల ఫ్లూటు. చూసినవాళ్లు మా ఇంట్లోవాళ్లు, ఆఫీసులో నలుగురు, అమెరికాలో ఉన్న మా బావ. ఐదు నెలలయ్యాక చూస్తే సబ్‌స్క్రైబర్లు నూట నలభై. అందులో సగం మంది మొహమాటానికి నొక్కినవాళ్లే.

ఒక ఆదివారం పొద్దున్న ఫిషింగ్ హార్బర్‌లో ఫోన్ పట్టుకుని తిరుగుతున్నాను. గంప ముందు కూర్చున్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బావూ, చేప కొంటావా, ఫొటోలు తీసుకుంటావా?" అంది. సిగ్గేసి ఒక కోనాం బేరం చేశాను. తాజాదో కాదో ఎలా తెలుస్తుందమ్మా అని అడిగితే, మాట్లాడకుండా మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపించింది. పొట్ట మీద బొటనవేలు నొక్కి తీసింది, గుంట పడలేదు. కన్ను చూడమంది. ఉబ్బెత్తుగా నిగనిగలాడితే ఈ పొద్దుటిది, లోపలికి పోయి తెల్లబారితే మంచులో మగ్గిందని. అదంతా ఫోన్‌లో తీశాను, ఆవిడ సరేనన్నాకే. ఏడు నిమిషాల వీడియో. అంతకుముందు పెట్టినవాటన్నిటినీ కలిపి చూసినవాళ్లకంటే ఆ ఒక్కదాన్ని చూసినవాళ్లు ఎక్కువ.

ఎందుకో అర్థం కావడానికి నాకు ఇంకో నెల పట్టింది. సూర్యోదయం కోసం ఎవరూ వెతకరు. చేప కొనడం రాక ఇంట్లో మాట పడినవాడు వెతుకుతాడు. కింద రాసిందంతా ఆ తేడా చుట్టూ తిరిగేదే.

మొదటి మెట్టు: ఛానెల్ పేరు కాదు, ముప్పై ప్రశ్నలు

చాలామంది పేరు, లోగో, ఇంట్రో మ్యూజిక్ దగ్గర మొదలుపెడతారు. వాటిని పక్కన పెట్టండి. ఒక నోటుబుక్కు తీసుకుని, గత ఏడాదిలో జనం మిమ్మల్ని నిజంగా అడిగిన ప్రశ్నలు రాయండి. బంధువులు ఫోన్ చేసి అడిగినవి, పక్కింటివాళ్లు మెట్ల మీద ఆపి అడిగినవి, ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు అడిగినవి. ముప్పై వస్తే మీకు ఛానెల్ ఉంది. పదిలోపే ఆగిపోతే ఇంకో విషయం చూసుకోండి.

వైజాగ్‌లో ఉన్నవాళ్లకు ఇలాంటివి కుప్పలు. ఉప్పుగాలికి బాల్కనీ గ్రిల్స్ తుప్పు పట్టకుండా ఏం రంగు వేయాలి, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఎక్కడ బిగిస్తే ఎక్కువకాలం వస్తుంది, ఇది బీచ్‌రోడ్డు నుంచి పెదవాల్తేరు దాకా ప్రతి ఇంటి గోడూ. మధురవాడ వైపు అద్దెకు ఇల్లు చూసేటప్పుడు నీళ్ల గురించి ఏం అడగాలి. అనకాపల్లి బెల్లంలో మంచిది ఎలా పోల్చుకోవాలి. అరకు రైలెక్కితే ఏ వైపు కూర్చోవాలి, బొర్రా గుహల దగ్గర దిగితే తిరుగు ప్రయాణం ఎలా. సింహాచలం చందనోత్సవానికి ముసలివాళ్లను తీసుకెళ్లేటప్పుడు ఏ జాగ్రత్తలు. ఏటికొప్పాక లక్క బొమ్మల్లో అసలుకీ నకిలీకీ తేడా ఏమిటి. కేజీహెచ్‌లో, అంటే మన పెద్దాసుపత్రిలో, ఓపీ చీటీ తీసుకున్నాక ఎటు వెళ్లాలి. చివరిది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, శ్రీకాకుళం నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినవాడికి అంతకంటే పెద్ద ప్రశ్న లేదు.

ప్రశ్నలు రాశాక ఒక్కోదాన్ని యూట్యూబ్‌లో వెతకండి. సగం టైపు చేయగానే కింద వచ్చే సూచనలు చూడండి. జనం ఏ మాటలతో వెతుకుతున్నారో అక్కడ తెలుస్తుంది. తర్వాత ఫలితాలు చూడండి. తెలుగులో సరైన జవాబు లేకపోయినా, ఉన్నవి మూడు నాలుగేళ్ల పాతవైనా, చిన్న ఛానెల్ వీడియోకే మంచి వ్యూస్ ఉన్నా ఆ ప్రశ్న మీదే. పెద్ద ఛానెళ్లు ఇప్పటికే పదిసార్లు నమిలేసిన విషయమైతే వదిలేయండి.

"వైజాగ్ వ్లాగ్స్" అని పెట్టుకుని ఈరోజు బిర్యానీ, రేపు సినిమా, ఎల్లుండి మొబైల్ రివ్యూ చేస్తే చూసేవాడికీ అర్థం కాదు, మీ వీడియో ఎవరికి చూపించాలో యూట్యూబ్‌కీ అర్థం కాదు. మొదటి ఏడాది ఒకే వీధిలో దుకాణం పెట్టండి.

రెండో మెట్టు: ఖాతా

ఇది అరగంట పని. మీ సొంత మెయిల్ కాకుండా ఛానెల్ కోసం విడిగా ఒక గూగుల్ ఖాతా తెరవండి. రెండంచెల భద్రత ఆ రోజే పెట్టేయండి. తర్వాత డబ్బుకి దరఖాస్తు చేసేటప్పుడు అది ఎలాగూ తప్పనిసరి, పైగా దొంగలు ఛానెళ్లు కొట్టేసేది అది లేని చోటే. ఫోన్ నంబరుతో ఛానెల్‌ని ధ్రువీకరించుకుంటే 15 నిమిషాలు దాటిన వీడియోలూ, సొంత థంబ్‌నెయిలూ, అంటే వీడియో ముఖచిత్రమూ, పెట్టుకునే వీలు వస్తుంది. వీడియో పిల్లల కోసం తీసిందా అని యూట్యూబ్ అడుగుతుంది, కాకపోతే "కాదు" అనే పెట్టండి. పొరపాటున అవునంటే కామెంట్లు మూతపడతాయి, ప్రకటనల ఆదాయమూ తగ్గుతుంది.

మీకు 18 నిండకపోతే డబ్బు తీసుకునే ఖాతా అమ్మానాన్నల్లో ఒకరి పేరు మీద కలపాలి. ఇంట్లో ముందే చెప్పి మొదలుపెట్టడం మేలు.

మూడో మెట్టు: షూటింగ్, అంటే ముఖ్యంగా శబ్దం

కెమెరా కొనొద్దు. చేతిలో ఉన్న ఫోన్ చాలు. డబ్బు పెట్టాల్సింది మైకు మీద. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు. మాట వినపడకపోతే పది సెకన్లలో వెళ్లిపోతారు.

ఇది వైజాగ్‌లో మామూలు సమస్య కాదు. ఒకసారి యారాడ బీచ్‌లో మూడు గంటలు మాట్లాడి, ఇంటికొచ్చి వింటే నా గొంతు ఎక్కడా లేదు. మొదటి నుంచి చివరి దాకా ఎవరో గోనెసంచి దులుపుతున్నట్టు ఒకటే మోత. ఎండ ఎక్కేకొద్దీ నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది, దాంతో సముద్రం మీంచి గాలి నేల వైపు తోసుకొస్తుంది. మధ్యాహ్నానికి తీరమంతా అదే. పొద్దున్న ఎనిమిదింటి లోపు గాలి నెమ్మదిగా ఉంటుంది. అందుకే ఇప్పుడు బయట మాట్లాడే భాగమంతా ఆ వేళకే ముగించేస్తాను.

కాలర్ మైకు కొనేటప్పుడు దానికి తొడిగే బొచ్చు తొడుగు ఉందో లేదో చూడండి. పైన వచ్చే నల్ల స్పాంజి ఒక్కటే సముద్రపు గాలికి ఆగదు. గాలికి వీపు పెట్టి నిలబడండి, మీ ఒళ్లే అడ్డుగోడ అవుతుంది. ఇంకా మంచి ఉపాయం కారు. అద్దాలు మూసి, ఇంజిన్ ఆపి లోపల కూర్చుని మాట్లాడితే స్టూడియోతో పనిలేదు. కారు లేకపోతే బట్టల బీరువా తలుపు తెరిచి దానికి ఎదురుగా కూర్చుని మాట్లాడండి. మడతపెట్టిన చీరలు, దుప్పట్లు ప్రతిధ్వనిని మింగేస్తాయి. నా వాయిస్ ఓవర్లు చాలావరకు అలా చేసినవే, మా ఆవిడ నవ్వుతున్నా సరే.

తీరంలో తీసేటప్పుడు ప్రతి పది నిమిషాలకూ లెన్సు మెత్తటి గుడ్డతో తుడవండి. కంటికి కనపడని ఉప్పు తెర పట్టి వీడియో అంతా పొగమంచులో తీసినట్టు వస్తుంది. ముఖం కంటే చేతులు ఎక్కువ చూపించండి. మొప్ప ఎత్తే వేళ్లు, తుప్పు గీకే ఇసుక కాగితం, బెల్లం విరిగిన చోటు. జనం వచ్చింది వాటి కోసం.

ఎక్కడ తీయకూడదో కూడా తెలిసుండాలి. ఇది తూర్పు నౌకాదళ కేంద్రం. నేవీ స్థలాలు, డాక్‌యార్డు పరిసరాలు, నిషేధం బోర్డు ఉన్న ఏ చోటైనా ఫోన్ జేబులో పెట్టేయండి. ఊళ్లో ఉన్న రన్‌వే ఐఎన్ఎస్ డేగా అనే నేవీ స్థావరంలోది. కాబట్టి డ్రోన్ కొనాలన్న ఆలోచన ఉంటే ముందు డిజిటల్ స్కై మ్యాపులో మీ ప్రాంతం చూసుకోండి. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయడం నేరం. 250 గ్రాముల లోపు చిన్న డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు కదా అని ఎగరేసేవాళ్లున్నారు. సర్టిఫికెట్ అక్కర్లేదంటే ఎక్కడైనా ఎగరేయొచ్చని కాదు. గుళ్లలో లోపలి ప్రాకారాల్లో కెమెరా తీసే ప్రయత్నం వద్దు. మార్కెట్లో మనుషుల ముఖాలు దగ్గరగా తీసేముందు అడగండి. అడిగితే నూటికి తొంభై మంది కాదనరు, పైగా మీకు తెలియని నాలుగు మాటలు చెబుతారు.

నాలుగో మెట్టు: కోత, పేరు, బొమ్మ

ఎడిటింగ్‌కి ఫోన్‌లో ఇన్‌షాట్, కైన్‌మాస్టర్ చాలు. కంప్యూటర్ ఉంటే డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఉంది. ఏది వాడినా మొదట కోయాల్సింది "హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు మై ఛానెల్, లైక్ చేయండి షేర్ చేయండి" అనే ముప్పై సెకన్లు. ఛానెల్ లెక్కలు చూపించే యూట్యూబ్ స్టూడియోలో ప్రతి వీడియోకీ జనం ఎక్కడిదాకా చూశారో చూపించే గీత ఉంటుంది. నా పాత వీడియోలన్నిటిలో ఆ గీత సరిగ్గా నా నమస్కారం దగ్గర గోతిలో పడేది. చేప వీడియోలో నమస్కారం లేదు, మొప్పతోనే మొదలైంది.

పేరు పెట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మనవాళ్లు తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వెతుకుతారు. అందుకని పేరు తెలుగులో రాసి, జనం వెతికే మాట, ఊరు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో పక్కన చేర్చండి. "షాకింగ్", "చూస్తే వదలరు" లాంటివి వద్దు. లోపల ఆ షాక్ లేకపోతే ఆ మనిషి మళ్లీ రాడు.

థంబ్‌నెయిల్ మీద నాలుగు మాటలకు మించి రాయకండి. ఎక్కువమంది చూసేది అరచేతిలో ఉన్న ఫోన్‌లో. మీ బొమ్మ కనపడినప్పుడు ఎంతమంది నొక్కుతున్నారో శాతం స్టూడియో చూపిస్తుంది. సగం ఛానెళ్లకు అది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతుంది. కాబట్టి 4 శాతం చూసి దిగాలుపడొద్దు.

సినిమా పాట ముక్క కూడా పెట్టకండి, భక్తి పాటలైనా అంతే. హక్కుదారు క్లెయిమ్ పెడితే ఆ వీడియో మీద వచ్చే డబ్బు వాళ్లకు పోవచ్చు. కాపీరైట్ స్ట్రైక్ పడితే ఇంకా ప్రమాదం, 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోతుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం బోలెడుంది. నిజానికి హార్బర్ వేలంపాట అరుపుల కంటే మంచి నేపథ్య సంగీతం నాకు ఇంతవరకూ దొరకలేదు.

ఐదో మెట్టు: గీత దాటడం

ప్రకటనల డబ్బు రావాలంటే యూట్యూబ్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో చేరాలి. దానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి. వాళ్లతోపాటు, గత 12 నెలల్లో 4,000 గంటలు జనం చూసి ఉండాలి, లేదా గత 90 రోజుల్లో షార్ట్స్‌కి, అంటే నిలువుగా తీసే చిన్న వీడియోలకు, కోటి వ్యూస్ వచ్చి ఉండాలి. అంతకంటే ముందు ఒక చిన్న మెట్టుంది. 500 మంది సబ్‌స్క్రైబర్లు, గత 90 రోజుల్లో మూడు వీడియోలు, 3,000 గంటలు లేదా 30 లక్షల షార్ట్స్ వ్యూస్ ఉంటే చూసేవాళ్లు నేరుగా డబ్బిచ్చే మెంబర్‌షిప్, సూపర్ థాంక్స్ లాంటివి తెరుచుకుంటాయి. ప్రకటనల వాటా మాత్రం పెద్ద గీత దాటాకే.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేద్దాం. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు మీ వీడియో సగటున మూడు నిమిషాలు చూస్తే 80,000 వ్యూస్ కావాలి. నాలుగు నిమిషాలు చూస్తే 60,000. ఆరు నిమిషాలు చూస్తే 40,000 చాలు. మరి షార్ట్స్‌తో అయితే? 90 రోజుల్లో కోటి అంటే రోజుకు లక్షా పదకొండు వేలు. తొంభై రోజులూ అలాగే రావాలి. అందుకే కొత్తవాళ్లకు నేను పొడుగు వీడియో దారే చెబుతాను. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. ఈ సంగతి తెలియక ఆరు నెలలు షార్ట్స్ మాత్రమే పెట్టి, గంటలు ఎందుకు కదలట్లేదని తలపట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. ప్రైవేటు చేసిన, డిలీట్ చేసిన వీడియోల గంటలూ లెక్కలోకి రావు. పాత వీడియో చూసి సిగ్గేసినా తీసేయకండి.

ఈ దశలో రెండు మూడు వలలు పడతాయి. "నువ్వు నన్ను సబ్‌స్క్రైబ్ చెయ్యి, నేను నిన్ను చేస్తా" అనే వాట్సాప్ గ్రూపులు మొదటిది. నేనూ చేరాను, రెండు వారాల్లో వందమంది పెరిగారు. ఆ వందమందిలో ఒక్కడూ వీడియో చూడలేదు. కొత్త వీడియో వాళ్లకు చూపించినప్పుడు వాళ్లు నొక్కకపోవడంతో నా నొక్కుడు శాతం పడిపోయింది, అంతే మిగిలింది. గంటలు అమ్ముతామనేవాళ్లు రెండో రకం. యూట్యూబ్ ఆ నకిలీ గంటల్ని తీసేస్తుంది, ఛానెల్‌కీ ప్రమాదమే. ఇక మూడోది, వార్తాపత్రిక వాక్యాల్ని యంత్రం గొంతుతో చదివించి, ఎవరివో ఫొటోలు అతికించి రోజుకు ఐదు వీడియోలు దించడం. మూసలో పోసినట్టుండే ఇలాంటివాటికి, ఇతరుల వీడియోలు తెచ్చి పెట్టేవాటికి డబ్బు ఇవ్వబోమని నియమాల్లోనే ఉంది. గీత దాటాక సమీక్షలో తిరగ్గొడితే అప్పటిదాకా పడ్డ కష్టం వృథా.

ఆరో మెట్టు: దరఖాస్తు, పిన్ ఉత్తరం, బ్యాంకు

స్టూడియోలో "ఎర్న్" అన్న చోట దరఖాస్తు పెడతారు. సమీక్షకు సాధారణంగా నెల దాకా పడుతుంది. తిరస్కరిస్తే 21 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు, లేదా లోపాలు సరిచేసుకుని 30 రోజుల తర్వాత మళ్లీ పెట్టుకోవచ్చు.

తర్వాత యాడ్‌సెన్స్, అంటే గూగుల్ మీ డబ్బు జమ చేసి పంపే ఖాతా. ఇక్కడ పేరు మీ బ్యాంకు పాస్‌బుక్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా సరిచూసుకోండి, మన తెలుగువాళ్లకు తేడా వచ్చేది అక్కడే. ఖాతాలో 10 డాలర్లు చేరాక గూగుల్ మీ చిరునామాకు మామూలు పోస్టులో ఒక పిన్ పంపుతుంది. రిజిస్టర్డ్ కాదు, ఎక్కడుందో వెతికే నంబరూ ఉండదు. చిన్న కాగితం, కరపత్రంలా ఉంటుంది. నాకు మొదటిది రాలేదు. రెండోది వచ్చి కింది వాటాలో టెలిఫోన్ బిల్లుల కట్టలో పది రోజులు పడుంది. అప్పుడు బుద్ధి వచ్చి చిరునామా ఇలా మార్చాను: ముందు డోర్ నంబరు, తర్వాత అపార్ట్‌మెంట్ పేరు, ఫ్లాటు, దగ్గరి గుర్తు, ఆఖర్న పిన్‌కోడ్. మీ వీధి పోస్ట్‌మ్యాన్‌కి ఒక మాట చెప్పి ఉంచండి. నాలుగు నెలల్లో పిన్ ఎక్కించకపోతే ప్రకటనలు ఆగిపోతాయి.

పన్ను ఫారం నింపడం మానకండి. మన తెలుగు వీడియోలకు అమెరికా నుంచి చూసేవాళ్లు తక్కువేం కాదు. వాళ్లు చూడగా వచ్చిన భాగం మీద అక్కడి పన్ను కోస్తారు. ఫారం నింపి, పాన్ నంబరిచ్చి, రెండు దేశాల ఒప్పందం వర్తింపజేయమని అడిగితే ఆ భాగం మీద 15 శాతం. ఉదాహరణకు మొత్తం 100 డాలర్లలో 10 డాలర్లు అమెరికా నుంచి వస్తే కోత ఒకటిన్నర డాలరు. ఏ ఫారమూ ఇవ్వకపోతే మొత్తం 100 మీదా 24 శాతం దాకా కోయవచ్చు. పది నిమిషాల పనికి బద్ధకించి అంత వదులుకోవడమా?

బ్యాంకు ఖాతా కలిపేటప్పుడు ఐఎఫ్ఎస్‌సీతో పాటు స్విఫ్ట్ కోడ్ అడుగుతుంది. చిన్న బ్రాంచీలకు సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు. బ్రాంచికి వెళ్లి విదేశీ డబ్బు రావాలంటే ఏ కోడ్ ఇవ్వాలో రాయించుకు రండి. బ్యాలెన్సు 100 డాలర్లు దాటితే, మరుసటి నెల 21 నుంచి 26 మధ్య గూగుల్ పంపుతుంది. దాటకపోతే తర్వాతి నెలకు కలుస్తుంది.

ఏడో మెట్టు: అసలు డబ్బు ఎక్కడ

ప్రకటనల ఆదాయంలో పొడుగు వీడియోలకు 55 శాతం మీది. షార్ట్స్‌లో మీ పేర లెక్కగట్టిన దాంట్లో 45 శాతం. మెంబర్‌షిప్, సూపర్ థాంక్స్‌లో 70 శాతం. వీడియో 8 నిమిషాలు దాటితే మధ్యలో కూడా ప్రకటన పెట్టుకోవచ్చు. అలాగని ఐదు నిమిషాల మాటను సాగదీయకండి.

స్టూడియోలో ఆర్‌పీఎం అనే అంకె కనిపిస్తుంది. వెయ్యి వ్యూస్‌కి మీ చేతికొచ్చేది, యూట్యూబ్ వాటా పోగా. విషయాన్ని బట్టి, చూసేవాళ్ల దేశాన్ని బట్టి, నెలను బట్టి అది మారుతుంది. లెక్క కోసం 30 రూపాయలు అనుకుందాం. పైన గీత దాటడానికి 60,000 వ్యూస్ అనుకున్నాం కదా, ఆ మొత్తానికీ ఈ రేటున వచ్చేది 1,800 రూపాయలు. 100 డాలర్లంటే ఇంచుమించు తొమ్మిది వేలు అనుకుంటే, మొదటి జమకు 3 లక్షల వ్యూస్ కావాలి. ఉద్యోగం మానేసి ఛానెల్ పెడతానని ఎవరైనా అంటే ఈ లెక్క రాసిచ్చి పంపిస్తాను.

మరి దేనికి చేయడం? మా కాలనీలో గ్రిల్స్‌కి రంగులు వేసే ఒకతను తుప్పు మీద చిన్న చిన్న వీడియోలు పెడతాడు. సబ్‌స్క్రైబర్లు వెయ్యి కూడా లేరు, ప్రకటన డబ్బు సున్నా. కానీ వీడియో కింద ఫోన్ నంబరుంది. లాసన్స్‌బే నుంచి, ఎంవీపీ నుంచి ఫోన్లు వస్తాయి. ఒక్క ఇంటి పనికి అతనికి మిగిలేది నా నెల యాడ్‌సెన్స్ కంటే ఎక్కువ. అతని చేతిలో అమ్మడానికి పని ఉంది, వీడియో దానికి బోర్డు. మీ దగ్గర అమ్మడానికి ఏముందో మొదటి రోజే ఆలోచించండి. ట్యూషన్, కుట్టుపని, పచ్చళ్లు, అరకు ట్రిప్పులు కుదిర్చిపెట్టడం, ఇతరుల వీడియోలు ఎడిట్ చేసివ్వడం, ఏదైనా సరే. తినే సరుకు అమ్మితే ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోండి.

ఊళ్లో దుకాణాల స్పాన్సర్‌షిప్ ఇంకో దారి. మొదట్లో నాకు దెబ్బ తగిలిందీ ఇక్కడే. ఒక రెస్టారెంటు వాళ్లు వీడియో చేయించుకున్నారు, అంతా నోటిమాట. వీడియో పెట్టాక మేనేజరు మారాడు, కొత్తాయనకు నేనెవరో తెలియదు. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు. అప్పట్నుంచి సగం ముందు తీసుకుంటాను. ఎన్ని నిమిషాలు, ఎప్పుడు పెడతాను, మార్పులు ఎన్నిసార్లు, మిగతా సగం ఎప్పుడు అన్నది వాట్సాప్‌లో రాసి "ఓకే" అనిపించుకుంటాను. రేటు ఎంత అనేవాళ్లకు నా పద్ధతి చెబుతా: షూటింగ్ ఒక రోజు, ఎడిటింగ్ ఒక రోజు, పెట్రోలు. ఆ రెండు రోజులూ వేరే పనికి వెళితే ఎంత వచ్చేదో అంతకు తగ్గకుండా అడగండి. వాళ్లకు ఉపయోగపడే కొద్దీ పెంచండి.

డబ్బు తీసుకున్న సంగతి దాచొద్దు. అప్‌లోడ్ చేసేటప్పుడు పెయిడ్ ప్రమోషన్ గడిలో టిక్ పెట్టండి, వీడియోలో నోటితో కూడా చెప్పండి. ఉచితంగా తిన్న భోజనమైనా చెప్పాల్సిందే. ప్రభుత్వం 2023 జనవరిలో దీనిపై మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 2019 వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా ఉంది, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. నా మట్టుకు నేను అప్పు యాప్‌లు, బెట్టింగ్ యాప్‌లు, చక్కెర వ్యాధి తగ్గించే పొడులు ఎంతిచ్చినా చేయను. మొదట వచ్చేవి, అందరికంటే ఎక్కువ ఇస్తామనేవి కూడా అవే.

ఎనిమిదో మెట్టు: పద్దు పుస్తకం

యూట్యూబ్ డబ్బు ఆదాయమే, రిటర్నులో చూపించాలి. మైకు, ఇంటర్నెట్, షూటింగ్ ప్రయాణం లాంటి ఖర్చుల బిల్లులు మొదటి రోజు నుంచి ఒక కవరులో వేయండి. కంపెనీలు ఇచ్చే వస్తువుల విలువ ఒకే కంపెనీ నుంచి ఏడాదిలో 20,000 దాటితే వాళ్లు 10 శాతం టీడీఎస్ చూసుకోవాలి, మీ లెక్కలోనూ అది ఉండాలి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్. అక్కడిదాకా వచ్చినవాళ్లు ఆడిటర్ ఫీజుకి వెనకాడక్కర్లేదు. అమెరికాలో కోసిన పన్నుకు ఇక్కడ వెసులుబాటు ఎలా అడగాలో కూడా ఆయనే చెబుతారు.

ఇక మిగిలింది ఆగకుండా పెట్టడం. వారానికి ఒకటి చాలు, కానీ ప్రతి వారం ఉండాలి. ఆరు నెలలు ఏమీ పెట్టకపోతే ఆ ఛానెల్‌కి డబ్బు వచ్చే వీలు యూట్యూబ్ తీసేయవచ్చు. చేపల మీద ఛానెల్ నడిపే నాకు ఏటా ఒక గండం ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం, 61 రోజులు మరపడవలు కదలవు. అందుకని ఏప్రిల్ మొదటి వారంలోనే నాలుగు వీడియోలకు సరిపడా తీసి పెట్టుకుంటాను. మిగతా వారాలకు ఎండుచేపలు, నెత్తళ్ల వేపుడు, ఒడ్డున కూర్చుని వల అల్లేవాళ్ల చేతులు. మీ విషయానికీ ఇలాంటి ఖాళీ నెలలు ఉంటాయి. క్యాలెండర్ తీసి ఇప్పుడే వాటి చుట్టూ గీత గీయండి.